కొమురయ్య విప్పిన నాలుగు వందల చిక్కులు

రేషన్ దుకాణంలోని వేలిముద్రల యంత్రం కొమురయ్యను గుర్తుపట్టలేదు. బొటనవేలు పెట్టాడు, ఎర్రదీపం వెలిగింది. చూపుడువేలు పెట్టాడు, మళ్లీ ఎర్రదీపమే. చెయ్యి మార్చి చూశాడు. దుకాణదారు విసుగ్గా ఆ వేళ్లను వెలుతురులోకి తిప్పి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ఆయ్‌లా! కాకా, నీ వేళ్ల మీద గీతలేవీ?"

కొమురయ్య కూడా అప్పుడే మొదటిసారి చూసుకున్నాడు. వేళ్ల కొసలు ఏటిలో రాళ్లంత నునుపుగా ఉన్నాయి. నలభై నాలుగేళ్లు పోగుకు పోగు మెలిపెట్టిన వేళ్లు అవి. ఆ గీతలు దారం వెంట పోయి చాదర్లలో కలిసిపోయాయి. ఏ ఊళ్లోనో ఎవరో చలికి వాటిని కప్పుకుని నిద్రపోతున్నారు.

ఇంటికి వచ్చి ఆ సంగతి భార్య పద్మకు చెప్పాడు. ఆమె బీడీ చుడుతూ తలైనా ఎత్తలేదు.

"మంచిగైంది. ఇగ దొంగతనం చేసినా దొరకవు," అంది.

కొమురయ్యది వైపని, పోగులు అతికే పని. మగ్గం మీద ఒక బీము నూలు అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. పాతది మిగిల్చిన పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే అతకాలి. చాదరు మగ్గానికి రెండు వేల నాలుగు వందల పోగులు. పక్కన డబ్బా మూతలో బూడిద ఉంటుంది, వేళ్లు జారకుండా. బూడిదలో వేళ్లు అద్ది, రెండు కొసలు కలిపి, ఒక్క మెలి. ముడి పడకూడదు. ముడి పడితే బట్టలో కనబడుతుంది. పొద్దున కూర్చుంటే సాయంత్రం సైరన్ మోగేలోగా రెండు వేల నాలుగు వందల మెలులు. అలా కూర్చున్న కొమురయ్యను పక్కనుంచి చూస్తే, వాన చినుకులను లెక్కపెడుతున్నవాడిలా ఉండేవాడు.

పని నేర్పిన ఉస్తాద్ ఒకే ఒక్క నియమం చెప్పాడు. చిక్కు కనబడితే చెయ్యి ఆగకూడదు. విప్పకుండా సాయంత్రం లేవకూడదు. "ఇడిసిపెట్టిన చిక్కు తెల్లారేసరికి పిల్లల్ని పెడ్తది," అనేవాడు ఆయన. కొమురయ్య ఆ మాటను మగ్గం దగ్గరే వదిలిపెట్టలేదు. పెళ్లిళ్లలో దండల దారం, గోడ మీద ఇరుక్కున్న గాలిపటం దారం, పక్కింటి పిల్లలు చెవుల్లో పెట్టుకునే వైర్లు, ఏది మెలిపడి కనబడినా కూర్చుండిపోయేవాడు. బస్సు తప్పిపోయిన రోజులున్నాయి.

తరువాత ముడులు వేసే యంత్రం వచ్చింది. కళ్లకు పొర కమ్మింది. ఆ తరువాత కుంఠా నాకాలో ఆయన పనిచేసిన షెడ్డే మూతపడి, మగ్గాలు తుక్కు కింద లారీలెక్కాయి. భవాని పేట్‌లోని రెండు గదుల ఇంట్లో కొమురయ్య మూడేళ్లుగా గడప మీద కూర్చుంటున్నాడు. పని లేని వేళ్లు ఊరుకోవు. మంచం మీది చాదరు అంచును పోగు పోగుగా లాగేశాయి. పద్మ తిట్టింది. ఆ తరువాత నుంచి అప్పుడప్పుడు బీడీలకు కట్టే సన్నదారం ఉండను ఆయన ఒళ్లోకి విసిరేది.

"మల్ల చిక్కువడ్డది. ముసలోడా, దీని సంగతి చూడు."

ఆమె వయసుతో పాటు ఆ దారం కూడా మొండికేస్తోందేమో, ఈ మధ్య రోజూ చిక్కుపడుతోంది.

ఇక రూపాలి. కొమురయ్య కొడుకు గంగాధర్ భార్య. పద్నాలుగో ఏట నుంచి బీడీలు చుట్టింది. ముప్పై నాలుగుకు తంబాకు దుమ్ము ఆమె ఊపిరిలో గూడు కట్టింది. బీడీల చాట ముందు కూర్చుంటే దగ్గు, లేచినా దగ్గు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును దీపానికి అడ్డం పెట్టి, "చాట కావాల్నా, ఊపిరి కావాల్నా?" అని అడిగాడు. ఆమె చాటను అటక మీద పెట్టేసింది. పంఢర్‌పూర్ దారిలో ఎవరో పది రోజులు నేర్పిస్తున్నారంటే వెళ్లింది. మట్టి లేకుండా ఆకుకూరలు పండించే విద్య. తిరిగి వచ్చి, మూతపడిన షెడ్డు యజమాని కొడుకు ప్రథమేశ్ సేట్ దగ్గరికి వెళ్లి తళ్‌ఘర్ అడిగింది.

తళ్‌ఘర్ అంటే షెడ్డు వెనక, భూమి లోపల కట్టిన రాతి గది. ఎండకు నూలు పెళుసెక్కకుండా వెనకటివాళ్లు అక్కడ దాచేవారు. ప్రథమేశ్ దాన్ని చాదర్ల గోదాము చేద్దామనుకుంటున్నాడు.

"మే నెలలో ఒక శుక్రవారం వచ్చి చూస్త, వహినీ," అన్నాడు, వదిన వరస కలిపి. "గది నిండ పచ్చగ నిలబడి ఉంటే నీది. లేకుంటే నా గోదాం నాది."

అంతే బేరం. గది నిలిస్తే రూపాలికి ఊపిరి. పోతే అటక మీది చాట కిందికి దిగుతుంది.

మొక్కలు పెట్టాక ముప్పై రోజుల దాకా ఆమె మామను అటు రానివ్వలేదు. ముప్పై ఒకటో రోజు తీసుకెళ్లింది. పైన ఎండ కుంఠా నాకా రోడ్డు తారును మెత్తగా చేస్తోంది. తళ్‌ఘర్‌కు పదకొండు మెట్లు. నూలు మూటలు మోసిన రోజుల నుంచి ఆ పదకొండూ కొమురయ్య కాళ్లకు తెలుసు. మూడో మెట్టు దగ్గర ఎండ ఆగిపోయింది. ఏడో మెట్టు దగ్గర చల్లదనం పాదాలను పట్టుకుంది. పాత నూలు వాసన కోసం ముక్కు ఎదురు చూసింది. పచ్చివాసన తగిలింది, వాన కడిగిన ఆకు వాసన. ఆ ఊరికి వాన రావడానికి ఇంకా నెల ఉంది.

ఆఖరి మెట్టు మీద ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

గది నిండా వంగపూవు రంగు వెలుతురు. మూటలు పేర్చిన చోట తెల్లటి పైపులు, మెట్లు మెట్లుగా. పైపు పొడవునా కన్నాలు, కన్నానికొక మొక్క. కట్టినప్పటి నుంచి సూర్యుడు ఒక్కసారీ తొంగిచూడని గదిలో వందల ఆకులు చేతులు చాచి నిలబడి ఉన్నాయి. ఎక్కడో సన్నగా నీళ్లు నడుస్తున్న చప్పుడు.

"గిదేంది బిడ్డా... మట్టేది?"

"మట్టి లేదు మామా."

"మరి దేన్ల నిలబడ్డయి?"

"నీళ్లల్ల."

"ఒట్టి నీళ్లల్లనా?"

"మట్టిల ఉండే సత్తువంత నీళ్లల్లనే కలుపుత. తాగి మిగిలిన నీళ్లు మల్ల డ్రమ్ములకే వస్తయి. రెండు డ్రమ్ములు నెలంత తిరుగుతయి."

కొమురయ్య తలెత్తి దీపాలు చూశాడు. తల దించి పైపులు చూశాడు.

"ఎండ?"

"అగో, దీపాలు. గదే ఎండ."

"గిది దేవునికెరుకనా?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

రూపాలి నవ్వబోతే దగ్గు వచ్చింది. అయిదు రోజులకోసారి నల్లా వచ్చే ఊళ్లో, రెండు డ్రమ్ముల నీళ్లతో నాలుగు వందల ఎనభై మొక్కలు. పన్నెండు పైపులు, పైపుకు నలభై. పెద్ద హోటళ్లవాళ్లు పచ్చిగా తినే ఆకు. చూడ్డానికి గోబీ పిల్లలా ఉంటుంది.

"పైన కాలం ఎట్లున్నా లోపట ఒకటే కాలం మామా. కరువు లేదు, వడగండ్లు లేవు, పురుగు మందు లేదు."

"మా తాత కరువుకే ఊరిడిసి ఇటొచ్చిండు. గప్పుడు గిసొంటి అర్ర ఒకటుంటే వస్తుండెనా?"

"రాకుంటే నేను నీకు కోడల్నయ్యేదాన్నా? మంచిగనే వచ్చిండు."

ఆ రోజు నుంచి ఆయన రోజూ తళ్‌ఘర్‌కు వెళ్లి స్టూలు మీద కూర్చునేవాడు. ఇంటికొచ్చి పద్మకు చెప్పేవాడు. పద్మ నమ్మేది కాదు. "మట్టి ముట్టనిది తింటే ఒంటికేం పడుతది? గాలి తిన్నట్టే," అనేది. అయినా రోజూ మళ్లీ అడిగేది, ఇవాళ ఎంత ఎత్తయ్యాయని.

రూపాలి మామకు పెట్టిన షరతు ఒకటే. పైపుల మూతలు తెరవొద్దు. లోపలి వేర్లకు వెలుతురు తగలకూడదు.

బుధవారం పొద్దున ఆమె నాలుగు మొక్కల నుంచి కొన్ని ఆకులు తెంపి గుడ్డసంచిలో పెట్టుకుని స్టేషన్ వైపు ఒక హోటలుకు బయలుదేరింది. ప్రథమేశ్ రావడానికి ఇంకా రెండు రోజులు. "నీళ్లు తిప్పే మోటరు ఆగితే ఫోన్ చెయ్యి మామా. సాయంత్రానికొస్త."

మోటరు ఆగలేదు. కానీ కొంతసేపటికి మొదటి పైపు కొస నుంచి నీళ్లు నేల మీద పడసాగాయి. టప్. టప్. కొమురయ్య ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. పారే నీళ్లను ఊరికే చూడటం ఆ ఊరి మనిషికి చేతకాదు. ఎక్కడ అడ్డుపడిందో చూసి మూసేద్దామని పైపు మూత ఎత్తాడు.

మూతను పక్కన పెట్టి లోపలికి వంగాడు.

లోపల తెల్లటి వేర్లు. నలభై మొక్కల వేర్లు ఒకదానిలో ఒకటి దూరి, చుట్టుకుని, ఉండలై, జడలై, నీళ్లకు అడ్డంగా పడి ఉన్నాయి. ఎవరో కసికొద్దీ నలభై లడీల మేలైన నూలును నీళ్లలో పడేసి కాళ్లతో తొక్కినట్టు. నలభై నాలుగేళ్లలో ఆయన అంత చిక్కు చూడలేదు. రెండో పైపు మూత ఎత్తాడు. అంతే. మూడోది. అంతే. పైన అంత అందంగా నిలబడిన ఆకుల కింద ఇంత ఘోరం! పాపం, పిల్లకు తెలియదు. బీడీలు చుట్టిన పిల్ల, దానికి పోగు సంగతి ఏం తెలుసు?

నీళ్లకు దారి చేసి ఊరుకుందామనే అనుకున్నాడు. చెయ్యి ఊరుకోలేదు.

పైకి వెళ్లి చాయ్ బండి పొయ్యిలోంచి గుప్పెడు బూడిద కాగితంలో తెచ్చుకున్నాడు. బల్ల లాగాడు. ఫ్యాను వేశాడు. తడి పోగు విప్పాలంటే గాలి ఉండాలి. మొదటి మొక్కను దాని చిన్న గిన్నెతో సహా ఎత్తి, బూడిద వేళ్లతో వేరు కొస పట్టుకున్నాడు.

మూడేళ్ల తరువాత వేళ్లు ఇంటికి వచ్చాయి.

కళ్లకు కనబడని చోట వేళ్లు చూశాయి. ఏది పైనుంచి వచ్చింది, ఏది కిందనుంచి దూరింది, ఎక్కడ లాగితే తెగుతుంది, ఎక్కడ వదిలితే తనంతట తానే విచ్చుకుంటుంది, అన్నీ వాటికి తెలుసు. ఒక్క వేరు తెగలేదు. ఒక్కొక్క మొక్క వేర్లనూ కొస దాకా దువ్వి, మీద పట్టిన మెత్తని నూగును పోగు తుడిచినట్టు తుడిచి, బల్ల మీద వరుసగా ఆరబెట్టాడు. నలభై కాగానే మళ్లీ పైపులో కన్నానికొకటి దించాడు. ఇప్పుడు వేర్లు నీళ్లలో తిన్నగా, పక్కపక్కన, కొత్త బీము పోగుల్లా పడుకున్నాయి. ఆ వంగపూవు వెలుతురులో కొమురయ్యకు మగ్గాల చప్పుడు వినబడింది. తుక్కు లారీ ఎక్కిన మగ్గాలన్నీ తిరిగి వచ్చి తన చుట్టూ నిలబడినట్టనిపించింది. తెచ్చుకున్న రొట్టె తినడం మరిచిపోయాడు.

పది పైపులు అయ్యాయి. పదకొండోది తెరిచేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఎంత పిడికిలి బిగించినా, విదిలించినా తెరుచుకోలేదు. కళ్ల ముందు వెలుతురు అలుక్కుపోతోంది. జీవితంలో మొదటిసారి సాయంత్రానికి చిక్కు మిగిలిపోయింది. ఎవరూ చూడటం లేదని తెలిసినా సిగ్గుతో అటూ ఇటూ చూసి, ఆ రెండు పైపుల మూతలు మూసేశాడు.

రూపాలి మెట్లు దిగే చప్పుడు అయిదింటికి వినబడింది. పదకొండు మెట్లనూ ఆరు అంగల్లో దిగింది.

"మామా! హోటలాయన ఆకు నోట్లె ఏసుకుని కండ్లు మూసుకున్నడు! వారానికి రెండుసార్లు తెమ్మన్నడు. నేను ఫోన్ సంచిల పెట్టి మర్చిపోయిన, నువ్వు చేసినవా?"

"చేసిన బిడ్డా. ఏం పర్వలే. నీళ్లు ఆగినయి, నేనే దారి చేసిన. అంతే కాదు..." కొమురయ్య ముఖం వెలిగిపోతోంది. బూడిద చేతులు రెండూ చాచి చూపించాడు. "అన్ని చిక్కులూ విప్పిన. ఒక్క పోగు తెగలే. చూసుకో."

రూపాలి నవ్వుతూనే అటు తిరిగింది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం కూడా ఆమెకు తోచలేదు.

ఆకులు వాలిపోతున్నాయి. పొద్దున చాచిన చేతులు ఇప్పుడు పైపుల అంచుల మీద నుంచి తడిబట్టల్లా వేలాడుతున్నాయి. వరుస వెనక వరుస, నాలుగు వందలు. చప్పుడు లేదు. మగ్గం విరిగితే చప్పుడవుతుంది, గోడ కూలితే చప్పుడవుతుంది. ఇది ఏ చప్పుడూ లేకుండా కూలిపోతోంది.

"వేర్లు... బయటికి తీసినవా మామా?"

"తీయకుంట ఎట్ల విప్పుత?"

"తుడిచినవా?"

"నూగంత తుడిచిన."

రూపాలి ఆఖరి మెట్టు మీద కూలబడింది. ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. "ఆ నూగుతోనే తాగుతయి మామా. గదే వాటి నోరు."

కొమురయ్య తన చేతులు చూసుకున్నాడు. బూడిద కింద నున్నటి వేళ్లు. నాలుగు వందల నోళ్లు.

నీళ్లు మాత్రం నడుస్తున్నాయి, తాగేవాళ్లు లేక.

"ఆ మూలకున్న రెండు పైపులు నిలబడ్డయేంది?" అంది రూపాలి ఉన్నట్టుండి.

కొమురయ్య తల దించుకున్నాడు. "వేళ్లు పట్టేసినయి. చెయ్యలేకపోయిన. రేపు పొద్దుగాల్నే..."

"మామా!"

ఆ కేక రాతిగోడలకు తగిలి తిరిగి వచ్చింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

రాత్రి ఇంట్లో కంచాల ముందు కూర్చున్నారు. షిఫ్టు నుంచి వచ్చిన గంగాధర్ సంగతి విని తండ్రి వైపు చూసి, చెప్పులు వేసుకుని మళ్లీ బయటికి పోయాడు. పద్మ మాత్రం ఊరుకోలేదు.

"ముట్టొద్దన్నదాన్నే ముట్టే బుద్ధి నీకు లగ్గం నాడు సుత ఉండె. పసుపుతాడుల మెలి ఉన్నదని నా మెడల కట్టకుంట విప్పుకుంట కూసున్నవు. బాపనాయన బిత్తరపోయిండు. ముహూర్తం దాటిందని మా నాయిన ఏడ్చిండు."

మామూలు రోజైతే కొమురయ్య నవ్వేవాడు. ఇప్పుడు తన కంచం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తున్నాడు. అటక మీద చాట అంచు కనబడుతోంది. రూపాలి అటు చూడకుండా తింటోంది. చూడకపోవడం అందరికీ కనబడుతోంది.

గోడ మీది గడియారం కింద చెమట కారుతున్న కుండ. దాని మెడకు తడిగుడ్డ చుట్టి ఉంది. కొమురయ్య చూపు ఆ గుడ్డ మీద ఆగింది.

"ఎండకాలం పోగులు పటపట తెగుతుంటే ఏం చేసేటోళ్లం?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

పద్మ తలెత్తి కుండ వైపు చూసింది.

"తెగిన పోగు అతకకపోతుంటిమి. ముందుగాల గాలిని తడుపుతుంటిమి. కిటికీలు మూసి, తడిబట్టలు కట్టి, నేల మీద నీళ్లు జల్లి. గాలి తడిస్తే పోగు పానం పోసుకునేది." ఆయన రూపాలి వైపు తిరిగాడు. "వేరు తాగకుంటే, ఆకు గాలిల కెళ్లి తాగదా బిడ్డా?"

రూపాలి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. శిక్షణలో ఎవరో ఇలాంటిదే చెప్పారు. మొక్కను చోటు మారిస్తే అది బెదిరిపోతుందనీ, వెలుతురు తగ్గించి చెమ్మలో ఉంచాలనీ. తాను రాసుకుంది కూడా.

"ఫ్యాను బంద్ చెయ్యాలె. దీపాలు తగ్గించాలె. బూడిద కలిసిన నీళ్లు పారబోసి కొత్తవి పట్టాలె," అంది లేస్తూ. తరువాత ఆగింది. "నీళ్లు?"

నల్లా వచ్చేది ఎల్లుండి. ఇంట్లో ఉన్నవి తాగే డ్రమ్ములో నీళ్లే. ఇద్దరూ పద్మ వైపు చూశారు. ఆ ఇంట్లో డ్రమ్ము ఆమెది. మూత మీద చెయ్యి వేయాలంటే గంగాధర్ కూడా అడగాలి.

"మూడేండ్లు గీ మనిషి గడపల కూసుంటే చూసిన," అంది పద్మ. "ఇయ్యాల ఒక్కనాడు పని చేసిండు, గిది చేసిండు." లేచి డ్రమ్ము మూత తీసింది. "తీస్కపోండి. గొంతెండితే బీడీ ఆకు నములుత."

పగలూ రాత్రీ లేని ఆ గదిలో వాళ్లు ఎంతసేపు పనిచేశారో ఎవరూ చూసుకోలేదు. ఇంట్లోని చాదర్లు, తువ్వాళ్లు, ఆఖరికి పద్మ పెళ్లినాటి చాదరు కూడా తడిసి తాళ్లకెక్కాయి. వాటిలో సగం కొమురయ్య అతికిన పోగులతో నేసినవే. పైపుల మధ్య అవి బరువుగా, మెల్లగా ఊగుతుంటే తళ్‌ఘర్ నీటి అడుగున ఉన్న ఇల్లులా ఉంది. గురువారమంతా కొమురయ్య ఆ చాదర్లను మాటిమాటికి తడుపుతూ తిరిగాడు. మొక్కల వైపు వెళ్లినప్పుడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

శుక్రవారం పది గంటలకు ప్రథమేశ్ ఫోనులో మాట్లాడుతూ దిగాడు. ఆఖరి మెట్టు మీద మాట ఆగిపోయింది. ఫోనులో అవతలివాడు హలో హలో అంటూనే ఉన్నాడు.

"కాయ్ హే, ఏందిది వహినీ? నేను గోదాం చెయ్యకముందే చాదర్లు వేలాడదీసినవు?"

రూపాలి నోరు తెరిచేలోగా కొమురయ్య ముందుకు వచ్చాడు.

"సేట్, పిల్ల తప్పు లేదు. నేను చెడగొట్టిన. వేర్ల చిక్కు విప్పిన."

ప్రథమేశ్‌కు అర్థం కాలేదు. రూపాలి చెప్పింది, ఏదీ దాచకుండా. ఆయన ఒక పైపు దగ్గరికి వెళ్లి వాలిపోయిన మొక్కనొకదాన్ని ఎత్తాడు. వేర్లు కొస దాకా తిన్నగా, దువ్వినట్టు వేలాడాయి. ఇంకొకటి ఎత్తాడు. ఇంకొకటి. చిన్నప్పుడు తండ్రి వెంట షెడ్డుకు వచ్చి, ఈయన అతుకుతుంటే నోరు తెరుచుకుని చూసిన పిల్లవాడు ఆ ముఖంలో ఒక్క క్షణం కనబడ్డాడు.

"కాకా, నీకు కండ్లు కానరావు గద? నాలుగు వందలు... ఒక్క వేరు తెగలేదు!"

"తెగలే సేట్," అన్నాడు కొమురయ్య. "తెగకుంటనే సచ్చినయి."

ప్రథమేశ్ చేతిలోని మొక్కను మెల్లగా కన్నంలోకి దించాడు.

అన్నీ చావలేదు. రెండు పైపులు ముట్టనివి, ఎనభై మొక్కలు మునుపటికంటే గుబురుగా ఉన్నాయి. మిగిలిన నాలుగు వందల్లో నూట ముప్పై దాకా, జ్వరం తగ్గిన పిల్లల్లా మెడలు సగం ఎత్తాయి. తక్కినవి గంపల్లోకి పోవాల్సినవే. ప్రథమేశ్ పైపుల మధ్య ఒకసారి తిరిగి వచ్చాడు. పైన నలభై నాలుగు డిగ్రీలు మండుతోంది. ఆయన చొక్కా మీది చెమట ఆరిపోయింది. వెళ్లిపోవాలని కూడా అనిపించనట్టు కాసేపు ఆ చల్లదనంలో నిలబడ్డాడు.

"నిండ పచ్చగుండాలె అన్న," అన్నాడు చివరికి. "సగం సుత లేదు."

"అన్నరు," అంది రూపాలి. బతిమాలలేదు.

"ఈ తాడుకు అటు నాది. ఇయ్యాల్నే చాదర్ల గట్టాలు దింపుతరు. ఇటు నీది, దీపావళి దాక. గప్పుడు మల్ల చూస్త." మెట్లెక్కబోతూ ఆగాడు. "కాకాను మాత్రం..." అని, ఆ మాట పూర్తి చేయకుండా వెళ్లిపోయాడు.

రూపాలికి తాను గెలిచిందో ఓడిందో తెలియలేదు. సగం గదిలో నిలబడి మిగతా సగం గది వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంటికి వెళ్లాక చూస్తే చాట అటక మీదే ఉంది. అంతవరకు తెలిసింది.

చాదర్ల గట్టాలు ఒక పక్క, పైపులు ఒక పక్క. కొత్త మొక్కలు పెట్టారు. ఇప్పుడు కొమురయ్య పని విత్తనాలు. ఆవగింజకన్నా సన్నటి విత్తనం, స్పాంజి ముక్కకు ఒక్కటే వేయాలి. రూపాలి చేతిలోంచి నాలుగైదు రాలిపోయేవి. కొమురయ్య వేళ్లకు గీతలు లేకపోయినా ఒక్క విత్తనం బరువు తెలుస్తుంది.

ఇరవయ్యో రోజు రూపాలి తనే ఒక పైపు మూత ఎత్తి, మామను పిలిచి చూపించింది. తెల్లటి వేర్లు మళ్లీ ఒకదానిలో ఒకటి దూరుతున్నాయి. కొమురయ్య చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. ఉస్తాద్ మాట చెవుల్లో మోగుతోంది. ఆ చిక్కు, ఎవరూ విప్పకపోతేనే బతికే చిక్కు, ఆయన కళ్ల ముందు నీళ్లలో మెల్లగా ఊపిరి తీస్తోంది.

"మూసెయ్ బిడ్డా," అన్నాడు. "జల్ది మూసెయ్."

ఆ సాయంత్రం గడప మీద కూర్చున్నాడో లేదో, దారం ఉండ ఒళ్లో పడింది.

"మల్ల చిక్కువడ్డది. చూడు."

వేళ్లు ఆశగా కొస వెతికాయి. రెండు చుట్లు విప్పాయి. మూడో చుట్టు దగ్గర ఆగిపోయాయి.

తనంతట పడిన చిక్కుకు దారీ తెన్నూ ఉండవు. ఎక్కడో బిగుస్తుంది, ఎక్కడో వదులవుతుంది. దీనికి దారి ఉంది. మూడు చుట్లు కుడికి, రెండు ఎడమకు, మధ్యలో వేలు దూరేంత సందు. తెగకుండా, మరీ తేలిగ్గా విడిపోకుండా, ఒక గంటకు సరిపోయేలా ఎవరో కూర్చుని వేసిన చిక్కు. నిన్నటిదీ ఇలాగే ఉంది. మొన్నటిదీ. నలభై నాలుగేళ్లు పోగు పట్టిన మనిషికి మూడేళ్లుగా ఇది తెలియలేదు.

కొమురయ్య తలెత్తి చూశాడు. పద్మ తల వంచుకుని బీడీ చుడుతోంది. పొద్దున్నుంచి వెయ్యి బీడీలు చుట్టిన ఆ వేళ్లు, ఏ పూట ఆగి, ఎవరూ చూడకుండా, దీన్ని వేస్తాయో!

ఆయన విప్పిన రెండు చుట్లనూ జాగ్రత్తగా మళ్లీ వేసి, ఉండను పద్మ చాట పక్కన పెట్టాడు.

"ఇయ్యాల కాలేదే," అన్నాడు. "ఉండనియ్యి. రేపు మల్ల దీన్నే చూస్త. కొత్తది ఎందుకు?"

పద్మ చేతిలో బీడీ ఆకు విచ్చుకుపోయింది. తంబాకు ఒళ్లో రాలింది. తలెత్తి, పొద్దు వాలుతున్న ఆ గడప మీద, చిక్కు విప్పకుండా లేస్తున్న మొగుణ్ని నిర్ఘాంతపోయి చూస్తూ ఉండిపోయింది.